ఇద్దరు కృష్ణులు, ఒక శవం: నాటకం నేపథ్యంలో హత్య కథ రాయడం ఎలా?

బెంగళూరులో మా తెలుగు నాటక సమాజంలో నా పని ప్రాంప్టింగ్, అంటే నటుడు మాట మర్చిపోతే చాటు నుంచి అందించడం. సైడ్ వింగ్‌లో ఒక స్టూలు, చేతిలో పెన్ టార్చి, ఒళ్లో నాటకం పుస్తకం. పదకొండేళ్లు అక్కడే కూర్చున్నాను. అక్కణ్ణుంచి నటుల మొహాలు పెద్దగా కనిపించవు. పాదాలు కనిపిస్తాయి, గొంతులు వినిపిస్తాయి. ఆ స్టూలు మీదే నాకు హత్య కథ రాయాలన్న పురుగు కుట్టింది. రాశాను. మొదటిసారి ఘోరంగా రాశాను.

అందులో నాటకం మధ్యలో కరెంటు పోతుంది. మూడు నిమిషాలు చిమ్మచీకటి. దీపాలు వెలిగేసరికి విలన్ వేషగాడు నెత్తుటి మడుగులో పడి ఉంటాడు. మా లైటింగ్ చూసే అతనికి చదవమని ఇచ్చాను. రెండో పేజీలోనే ఆపేశాడు. "మూడు నిమిషాలా సార్? పది సెకన్లు దాటితే హాల్లో అందరి ఫోన్ టార్చిలూ వెలుగుతాయి. మీ హంతకుడు కత్తి తీసేలోపు వీడియో గ్రూపుల్లోకి వెళ్లిపోతుంది" అన్నాడు.

నేను చేసిన తప్పు ఏమిటో అప్పుడు తెలిసింది. నాటకశాల అనగానే చీకటి, తెర, మేకప్ గుర్తొస్తాయి. నిజానికి నాటకశాలంత క్రమం ఉన్న చోటు ఇంకొకటి లేదు. మామూలు ఇంట్లో హత్య జరిగితే డిటెక్టివ్ ఒక్కొక్కరినీ "ఎనిమిదీ ముప్పై ఏడుకి మీరెక్కడున్నారు?" అని అడగాలి. నాటకంలో ఆ జవాబు ముందే రాసి ఉంటుంది. ఏ నిమిషానికి ఎవరు స్టేజి మీద, ఎవరు ఏ వింగ్‌లో, ఏ తెర ఎప్పుడు లేస్తుంది, అంతా కాగితం మీదే ఉంటుంది. హంతకుడు అంటే ఆ కాగితంలో ఎవరికీ కనబడని చిల్లు వెతుక్కున్నవాడు. కాబట్టి కథ కంటే ముందు ఆ కాగితం రాయండి. కింద చెప్పేదంతా ఆ ఒక్క పని కోసమే.

ఉదాహరణకి నేను రెండోసారి రాసిన కథనే విప్పి చూపిస్తాను. హంతకుడెవరో కూడా చెప్పేస్తాను. దాచిపెట్టి పాఠం చెప్పడం కుదరదు.

మొదటి మెట్టు: కథ లోపలి నాటకం ఎంచుకోండి

చాలామంది ఇక్కడ అశ్రద్ధ చేస్తారు. "ఏదో ఒక నాటకం ఆడుతున్నారు" అని రాసి వదిలేస్తారు. లోపలి నాటకమే మీ పజిల్‌కి యంత్రం. అది ఎలా తిరుగుతుందో మీకు తెలియాలి.

నా సలహా పద్యనాటకం. మన పద్యనాటకంలో ఒక వింత ఉంది. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి మనకది వింతగా తోచదు. ఒకే రాత్రి ఒకే పాత్రని ఇద్దరు ముగ్గురు వేస్తారు. కరపత్రంలోనే మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని పేర్లు అచ్చు వేస్తారు. పడకసీను (నిద్రలో ఉన్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు సాయం కోరి వచ్చే ఘట్టం) కృష్ణుడు ఒకరు, రాయబారం కృష్ణుడు ఇంకొకరు. హరిశ్చంద్ర నాటకంలోనూ అంతే, కాటిసీనుకి వేరే హరిశ్చంద్రుడు దిగుతాడు. ప్రేక్షకుడికి ఏ ఇబ్బందీ లేదు. అతను వచ్చింది కథ తెలుసుకోవడానికి కాదు, ఎవరు ఏ పద్యం ఎలా పాడతారో వినడానికి.

అంటే గ్రీన్ రూమ్‌లో ఒకే సమయంలో ఇద్దరు కృష్ణులు తిరుగుతుంటారు. ఒకే నీలం రంగు, ఒకే తిలకం, ఒకే రకం హారాలు. సాక్షి "కృష్ణుణ్ణి చూశాను" అంటే అది ఎవరిని?

ఇంగ్లాండులో రోనల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ మతగురువు ఉండేవారు, స్వయంగా డిటెక్టివ్ కథలు రాసినవారు. 1929లో ఆయన ఈ తరహా కథలకు పది నియమాలు పెట్టారు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలన్నది మొదటి నియమం. పాఠకుణ్ణి ముందుగా సిద్ధం చేయకుండా కవలల్నీ ఒకే పోలిక మనుషుల్నీ తీసుకురాకూడదన్నది పదోది. పద్యనాటకం ఆ పదో నియమాన్ని దానంతటదే పాటించేస్తుంది చూడండి. ఇద్దరు కృష్ణులున్నారని మొదటి పేజీలో కరపత్రమే చెప్పేస్తుంది. మోసం లేదు. అయినా పాఠకుడు మోసపోతాడు.

సాంఘిక నాటకం పెట్టుకున్నా ఫరవాలేదు, కానీ అప్పుడు మీ యంత్రం ఏమిటో మీరే కనిపెట్టుకోవాలి.

రెండో మెట్టు: హాలు

నిజమైన హాలు పేరు పెట్టి అందులో శవాన్ని పడుకోబెట్టకండి. ఊహా హాలు కట్టుకోండి, నిజమైన హాళ్ల గుణాలు అప్పు తెచ్చుకోండి. బెంగళూరులో అప్పుకి కొదవ లేదు. జె.సి. రోడ్డులో 1963లో మొదలైన రవీంద్ర కళాక్షేత్ర ఉంది. పెద్ద స్టేజి, వెనక ఆరుబయలు రంగస్థలం, మెట్ల మీద సాయంత్రమంతా నాటకాల వాళ్ల కబుర్లు. జె.పి. నగర్‌లో 2004లో తెరిచిన రంగ శంకర ఉంది. కన్నడ నటుడు, దర్శకుడు శంకర్ నాగ్ జ్ఞాపకార్థం ఆయన భార్య అరుంధతీ నాగ్ పట్టుబట్టి కట్టించిన నాటకశాల. అక్కడి కఠినమైన నియమం ఊరంతా తెలుసు: నాటకం మొదలయ్యాక ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి పంపరు.

ఆ నియమం హత్య కథకి వరం. ఎవరూ దాటలేని గిరి గీయాలని పాతకాలం రచయితలు మంచు తుపానులు, తెగిపోయిన వంతెనలు తెచ్చేవారు. మీకు అదేమీ అక్కర్లేదు. ఏడున్నరకి తలుపులు మూసేశారు, అంతే. నా ఊహా హాలు మల్లేశ్వరంలో ఎక్కడో ఒక క్రాస్ రోడ్డు మీద ఉంది. దానికీ ఇదే నియమం పెట్టాను. వెనక ఒకే తలుపు, అక్కడ వాచ్‌మన్, పక్కన టీ కాచే బల్ల.

ఊరి గురించి ఒక హెచ్చరిక. బెంగళూరు కథలో "ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను" అన్న సాకుని ఎవరికీ ఇవ్వకండి. అది అబద్ధమని నిరూపించడం ఏ డిటెక్టివ్ వల్లా కాదు, అది ఎప్పుడూ నిజమే అయి ఉంటుంది. అనుమానితుణ్ణి మెట్రో ఎక్కించండి. కార్డు తాకించిన సమయం నమోదవుతుంది, పట్టుకోవచ్చు.

మూడో మెట్టు: క్యూ షీటు

ఇప్పుడు అసలు పని, మొదట్లో చెప్పిన ఆ కాగితం రాయడం. దాని పేరే క్యూ షీటు. ఒక వారం దీనికే కేటాయించండి. కథ ఒక్క వాక్యం కూడా రాయకండి.

పెద్ద కాగితం మీద ఎడమ పక్క సమయం, పైన మనుషుల పేర్లు. ప్రతి గడిలో ఆ మనిషి ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు, అతన్ని ఎవరు చూస్తున్నారు. మూడోది మర్చిపోకండి. నా కాగితంలో అసలైన భాగం ఇది.

8:20. విరామం. వెనక కౌరవసభ సెట్టు నిలబెట్టారు. అట్ట స్తంభాలు నాలుగు, పడిపోకుండా ఒక్కోదాని వెనక ఒక్కో ఇనుప బరువు. సెట్టు కుర్రాడు లెక్కపెట్టాడు, నాలుగూ ఉన్నాయి.

8:35. మధ్య తెర ముందు, హస్తినలో కృష్ణుడికి స్వాగతం. కృష్ణుడు రథం మీద అభయహస్తం పట్టి నిలబడతాడు. మాటలూ పద్యాలూ అన్నీ విదురుడివే. ఆరు నిమిషాలు.

8:41. ముందు తెర దించి, హాస్యగాళ్లిద్దరి ముచ్చట. నాలుగు నిమిషాలు.

8:45. రాయబారం సీను. ఇక రెండో కృష్ణుడి పద్యాలే పద్యాలు.

చిల్లు కనిపించిందా? నాటకం మొత్తంలో కృష్ణుడు నోరు విప్పకుండా కనిపించే సీను ఒకటే ఉంది. తెలుగు ప్రేక్షకుడు కృష్ణుణ్ణి గొంతుతో గుర్తుపడతాడు. గొంతు లేని ఆ ఆరు నిమిషాలు రథం మీద ఎవరు నిలబడ్డా కృష్ణుడే. పైగా పడకసీను ముగించిన మొదటి కృష్ణుడు రంగు కడుక్కోలేదు. చివర్లో సన్మానం, ఫోటోలు వేషంతోనే కావాలని కమిటీ వాళ్లు చెప్పారు.

ఇలాంటి చిల్లు ఎక్కడుందో కాగితమే చూపిస్తుంది. నేను ముందు అనుకున్న ప్లాను ఇది కాదు. ట్రాప్ డోరు, తాడుకి వేలాడే ఇసుక మూట, ఇలా ఏవేవో ఉండేవి. గడులు నింపుతూ పోతే, రథం సీను దగ్గర "అతన్ని ఎవరు చూస్తున్నారు?" అన్న గడిలో "మూడొందల మంది" అని రాశాను. మూడొందల మంది చూశారు, ఒక్కరూ పోల్చుకోలేదు. అప్పుడు పెన్ను కింద పెట్టి కాఫీ తాగాను.

పద్యనాటకంలో కాలం రబ్బరులా సాగుతుందని కూడా గుర్తుంచుకోండి. జనం వన్స్‌మోర్ అంటే ఒక పద్యం రెండుసార్లవుతుంది. రాగాలాపన నటుడి ఊపిరిని బట్టి, ఆ రోజు చప్పట్లను బట్టి ఉంటుంది. అందుకని కాగితంలో రెండు సమయాలు రాసుకోండి, ఒకటి అనుకున్నది, ఒకటి జరిగింది. ఆ రెండింటి మధ్య తేడాలోంచే ఆధారాలు పుడతాయి. నా కథలో హాస్యగాడికి నాటకాల కాంట్రాక్టరుతో (చచ్చేది ఇతనే) డబ్బు తగాదా. కోపంతో నాలుగు నిమిషాల ముచ్చటని రెండు నిమిషాల్లో తేల్చేశాడు. హంతకుడికి ఉండాల్సిన పది నిమిషాలు ఎనిమిదయ్యాయి. అందుకే చంపడానికి తీసిన ఇనుప బరువుని తిరిగి స్తంభం వెనక పెట్టలేకపోయాడు.

నాలుగో మెట్టు: ఎవరు, ఎందుకు

చనిపోయినవాడు నాటకాల కాంట్రాక్టరు. తెనాలి వైపు నుంచి కళాకారుల్ని తీసుకొచ్చేవాడు. చంపింది రెండో కృష్ణుడు. కారణం ఒక ప్రోనోటు. తీసుకున్న అప్పు ఒకటి, కాగితం మీద అంకె ఇంకొకటి, దాని కింద పొలం పోబోతోంది. కారణం ఇలా చిన్నదిగా, నేల మీద నిలబడేదిగా ఉండాలి. వారసత్వపు వజ్రాలు, ఇరవై ఏళ్ల కిందటి రహస్య కవలలు మన స్టేజికి నప్పవు.

గొంతు పట్టేసింది, కాస్త వేడినీళ్లు తాగాలి, రథం మీద నా బదులు నిలబడండి అని మొదటి కృష్ణుణ్ణి అడిగాడు. నాటకాల్లో రోజూ జరిగే సాయమే. ఉన్న ఒక్క మంచి కిరీటం ఆయన తలకెక్కింది. ఇతను తలకి గుడ్డతో స్టోర్ రూమ్‌లోకి నడిచాడు.

ఇంతవరకు రాసి ఒక మిత్రుడికి చూపించాను. ఆయన బ్యాంకులో ఆడిట్ చేసి రిటైరైన మనిషి, లెక్క తప్పితే నిద్రపోడు. "పోలీసులు మొదటి కృష్ణుణ్ణి అనుమానిస్తున్నారు కదా. 'నేను రథం మీద ఉన్నానండీ' అని ఒక్క మాట అంటే బయటపడతాడు. ఎందుకనడు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి ఆ ఇద్దరు కృష్ణులూ పరాయివాళ్లు. ఆ ఒక్క ప్రశ్న దెబ్బకి రెండో కృష్ణుడు మొదటి కృష్ణుడికి అల్లుడయ్యాడు. కూతురి కాపురం కోసం నోరు మూసుకున్నాడు పెద్దాయన. కథకి అంతవరకు లేని ప్రాణం అక్కడ వచ్చింది.

మీ కథలోనూ అమాయకుడు మౌనంగా ఉంటే ఆ మౌనానికి వెల ఎంతో లెక్క కట్టండి. జైలు కంటే పెద్ద కారణం దొరక్కపోతే ప్లాటు మార్చుకోండి.

ఐదో మెట్టు: ఆధారాలు నాటడం

ఇది చేతికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది, కాస్త నిదానంగా చెబుతాను.

ఆధారాన్ని దాచొద్దు. పాఠకుడి ఎదురుగా పెట్టి, దాని మీద వేరే రంగు పూయండి. మంచి రంగు నవ్వు. నవ్వుతున్న పాఠకుడు అనుమానించడు. ఇనుప బరువు మాయమైందని నేను ఎక్కడా రాయలేదు. ఇలా రాశాను:

"దుర్యోధనుడు తొడ చరిచి స్తంభానికి చెయ్యి ఆనించాడు. కౌరవ సామ్రాజ్య స్తంభం అటూ ఇటూ ఊగింది. మూడో వరసలో ఎవరో 'యుద్ధం దాకా ఆగేట్టు లేదురోయ్' అన్నారు. హాలంతా ఒకటే నవ్వు. దుర్యోధనుడు పద్యం ఎత్తుకోవడానికి రెండుసార్లు రాగం తీయాల్సి వచ్చింది."

హత్యాయుధం ఎప్పుడు కదిలిందో ఆ పేరాలోనే ఉంది. శవపరీక్ష చనిపోయిన సమయాన్ని గంటల్లో చెబుతుంది, నిమిషాల్లో కాదు. నిమిషాల్ని ఆ ఊగిన స్తంభం చెప్పింది. విరామంలో నాలుగు బరువులున్నాయి, సభ తెర లేచేసరికి మూడే ఉన్నాయి.

ఇక్కడే ఇంకో మాట. స్టేజి ఆయుధాలతో ఎవరూ చావరు. గదలు అట్టవి, కత్తులు రేకువి, విల్లు వంచితే విరుగుతుంది. బరువైన వస్తువులన్నీ ప్రేక్షకుడికి కనపడని చోట ఉంటాయి. అట్ట గదని నేను వేరే పనికి వాడాను, చివర్లో చెబుతాను.

రెండో పద్ధతి, ఆధారానికి మర్యాద తొడగడం. ఇది తెలుగులోనే సాధ్యమేమో అనిపిస్తుంది. మొదటి పేజీ నుంచీ రెండో కృష్ణుడు పెద్దాయన్ని "మామయ్యా, కిరీటం బిగుతుగా ఉందాండీ?", "మామయ్యా, టీ చెప్పమంటారా?" అంటూనే ఉంటాడు. కోస్తాలో పెద్దవాళ్లని మామయ్యా అని పిలవడం మామూలే కదా అని పాఠకుడు దాటిపోతాడు. బెంగళూరు కమిటీ వాళ్లూ అలాగే అనుకున్నారు. వాళ్లు చుట్టరికాన్ని దాచలేదు, ఎవరూ అడగలేదు. చివర్లో డిటెక్టివ్ "ఆయన మీకు నిజంగానే మామగారు, అవునా?" అన్నప్పుడు పాఠకుడు పుస్తకం వెనక్కి తిప్పుకోవాలి. బావ, వదిన, బాబాయి, పెద్దమ్మ, ఇవన్నీ మన భాషలో సగం చుట్టరికాలు, సగం మర్యాదలు. ఆ సగాల మధ్య చాలా దాచుకోవచ్చు.

మూడోది, రెండు వైపులా కోసే ఆధారం. టీ కుర్రాడు పోలీసులకి చెప్పాడు: 8:37 ప్రాంతంలో కృష్ణ వేషం స్టోర్ రూమ్‌లోకి వెళ్లింది, తల మీద నెమలి ఈక లేదు. కిరీటం ఒకటే. అది స్టేజి మీద ఉన్న కృష్ణుడి తల మీద ఉంటుంది. కాబట్టి కిరీటం లేనివాడు పని అయిపోయిన మొదటి కృష్ణుడే అని అందరూ తేల్చేశారు. తర్కం సరిగ్గానే ఉంది. స్టేజి మీద ఎవరున్నారన్న మొదటి మాటే తప్పు. పాఠకుణ్ణి తప్పుదారి పట్టించాలంటే అబద్ధం చెప్పకండి. నిజమే చెప్పి, దానికి ముందున్న ఊహని మాత్రం సరిచేయకండి.

హార్మోనిస్టు సాక్ష్యం కూడా ఇలాంటిదే. కన్నడ ఇన్‌స్పెక్టరు "ఆగ కృష్ణ ఎల్లిద్ద?" అన్నాడు. అప్పుడు కృష్ణుడెక్కడ అని. "స్టేజ్ మేలే ఇద్ద సార్" అన్నాడు ఈయన వచ్చిన కన్నడంలో. నిజమే కదా, కృష్ణుడు స్టేజి మీదే ఉన్నాడు.

అన్నిటికంటే నాకిష్టమైన ఆధారం శ్రుతి. పద్యనాటకంలో హార్మోనిస్టు ఒక్కో నటుడికి ఒక్కో శ్రుతి పట్టాలి. శ్రుతి అంటే ఆ గొంతుకి ఆధారమైన స్వరం, అంకె పెరిగేకొద్దీ గొంతు పైకి వెళుతుంది. నా కథలో పెద్దాయనది నాలుగు, వయసుతో దిగింది. అల్లుడిది ఐదున్నర. హార్మోనిస్టుకి దూరపు చూపు ఆనదు, తల ఎత్తి చూడడు. అడుగుల చప్పుడు వింటే చాలు, వేళ్లు వాటంతట అవే ఆ నటుడి మెట్టు మీదికి వెళతాయి. రథం సీనులో కృష్ణుడు పాడేది లేదు. విదురుడి పద్యాల మధ్య అలవాటు కొద్దీ హార్మోనిస్టు తన పెట్టె మీద ఊరికే కృష్ణుడి శ్రుతి పట్టాడు. పట్టింది నాలుగు.

చిక్కేమిటంటే కాగితం మీద శబ్దం వినపడదు. పాఠకుల్లో ఎందరికి నాలుగుకీ ఐదున్నరకీ తేడా తెలుసు? అలాంటప్పుడు వినగలిగే పాత్రని పక్కన కూర్చోబెట్టాలి. రెండో వరసలో సంగీతం నేర్చుకుంటున్న పదేళ్ల పిల్లని పెట్టాను. "అమ్మా, పెట్టె కిందికి దిగింది" అంటుంది. ఫోన్‌లో వీడియో తీస్తున్న తల్లి "ష్, మాట్లాడకు" అంటుంది. అంతే, కథ ముందుకు వెళ్లిపోతుంది. శ్రుతులు నటుణ్ణి బట్టి మారతాయన్న సంగతి దీనికి ముప్పై పేజీల ముందు, టీ తాగుతూ హార్మోనిస్టు గొప్పలు చెప్పుకున్నప్పుడు వచ్చేసింది. రెండు ముక్కలూ పాఠకుడికి ఇచ్చాను. అతికించుకోవడం అతని పని.

ఆరో మెట్టు: అనుమానితులు

ఐదుగురు చాలు. ఆరో మనిషి వస్తే పాఠకుడు పేర్లు కలిపేసుకుంటాడు. మొదటి కృష్ణుడు, హాస్యగాడు, హాలు డబ్బు లెక్కలు చెప్పని కార్యదర్శి, దుస్తులు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీ ఓనరు, రెండో కృష్ణుడు. ప్రతివాడికీ ఒక చిన్న తప్పు ఇవ్వండి, హత్యతో సంబంధం లేనిది, దాచుకోవాలనిపించేది. వేషం పేరుతోనే పిలవండి. నాటకాల్లో నిజంగా అంతే, ఇరవై ఏళ్లుగా తెలిసిన మనిషి పేరు కూడా మాకు "శకుని గారే".

ఏడో మెట్టు: డిటెక్టివు, పోలీసు, చట్టం

డిటెక్టివుగా ప్రాంప్టర్‌ని పెట్టాను, నా మీద నాకు ఉన్న ప్రేమతో కాదు. ఏ క్షణాన ఎవరెక్కడ ఉండాలో పుస్తకం చూడకుండా చెప్పగలిగేది ఆ మనిషే. మల్లేశ్వరంలో స్థిరపడ్డ రిటైర్డ్ టీచరమ్మ, పాదాల్ని చూసి మనుషుల్ని గుర్తుపట్టే అలవాటు. అలాంటావిడ రథం మీద పాదాల్ని ఎందుకు గుర్తుపట్టలేదు? పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. ఆ సీనులో ప్రాంప్టింగ్ అంతా విదురుడికి, అతను నిలబడేది అటు వింగ్ వైపు. ఆవిడ స్టూలు అటు మారింది. రథం చక్రం అడ్డం. ఇదీ క్యూ షీటులో ఉంది. మేకప్‌మ్యాన్ ఆ సమయంలో కర్ణుడికి మీసం అతికిస్తున్నాడు, అదీ ఉంది.

పోలీసుని మొద్దుగా చూపించే రోజులు పోయాయి. చట్టాలు కూడా మారాయి. 2024 జూలై 1 నుంచి కొత్తవి అమల్లో ఉన్నాయి. పాత ఐపీసీ సెక్షన్ ప్రకారం "మూడొందల రెండు కేసు" అని మనకి నోరు తిరిగిపోయింది గానీ, ఇప్పటి కథలో హత్యకి శిక్ష భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 103. అనుమానాస్పద మరణమైతే, పోలీసు విచారణ పద్ధతులు చెప్పే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 194 కింద ముందు విచారణ జరుగుతుంది. కర్ణాటక పోలీసుల వాడుకలో అది యూడీఆర్, అంటే అసహజ మరణ నివేదిక (అన్‌నేచురల్ డెత్ రిపోర్ట్). ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని అదే సంహిత 176(3) చెబుతుంది.

ఫోరెన్సిక్ వస్తే వేలిముద్రలు తీస్తారు. బరువు మీద ముద్రలు దొరికితే మీ కథ పదో పేజీలో అయిపోతుంది. ఈ ప్రశ్న నన్ను నెల రోజులు సతాయించింది. చివరికి హంతకుడు బరువుని తన ఉత్తరీయంతో చుట్టి పట్టుకున్నాడు. దానికి నెత్తురంటింది. ఇక అది భుజాన వేసుకుని సభలోకి వెళ్లలేడు. రథం దిగిన మామగారి ఉత్తరీయం వేసుకుని వెళ్లాడు. తెల్లారి డ్రెస్ కంపెనీ ఓనరు "పసుపు ఉత్తరీయం ఒకటి తగ్గింది, డిపాజిట్‌లో కోస్తా" అని గొణుగుతాడు. గొణిగేది పిసినారి కాబట్టి పాఠకుడు పట్టించుకోడు.

ఎనిమిదో మెట్టు: విప్పి చెప్పే సీను

అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, డిటెక్టివు పచార్లు చేస్తూ చెబుతుంటే, హంతకుడు లేచి "అవును, నేనే!" అని అరవడం చూడ్డానికి బాగుంటుంది. కోర్టులో నిలవదు. పోలీసు అధికారి ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదు, ఇప్పటి సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 23. అందుకని ఒప్పుకోలు మీద కథని నిలబెట్టకండి. చేతికి చిక్కే వస్తువు ఒకటి ఉంచుకోండి.

నా టీచరమ్మ అందరినీ స్టేజి మీదికే పిలిచి రథం సీను మళ్లీ ఆడిస్తుంది. హార్మోనిస్టుని కళ్లు మూసుకోమని, ఇద్దరు కృష్ణుల్నీ ఒకరి తర్వాత ఒకరిని నడిపిస్తుంది. పెట్టె ఐదున్నర దగ్గర మోగుతుంది, తర్వాత నాలుగు దగ్గర. ఫోన్ వీడియో వేస్తుంది. నాలుగు. ఎవరూ మాట్లాడరు. అప్పుడావిడ డ్రెస్ కంపెనీ ట్రంకు తెరిపించి, భీముడి గద బయటికి తీసి, కిందికేసి కొడుతుంది. అట్ట చిరుగుతుంది. లోపల పసుపు గుడ్డ, దాని మీద ఎండిన నెత్తురు, నీలం రంగు.

ఈ సీను మూడు పేజీలు మించకూడదు. నా మొదటి డ్రాఫ్టులో పద్నాలుగు పేజీలుండేది, అందులో సగం నా తెలివికి నేనే కొట్టుకున్న చప్పట్లు. టీచరమ్మ రుజువు చేయాల్సింది మూడే సంగతులు. రథం మీద ఎవరు, బరువు ఎప్పుడు కదిలింది, ఉత్తరీయం ఎవరిది. ప్రోనోటు సంగతి తర్వాత ఇన్‌స్పెక్టరు ఫోన్‌లో చెప్పినా సరిపోతుంది.

తొమ్మిదో మెట్టు: పరీక్ష

చదివించాల్సింది ఇద్దరి చేత. ఒకరు నాటకాల మనిషి, ఇంకొకరు ఎప్పుడూ నాటకం చూడని మనిషి. మారతహళ్లిలో ఉండే మా తమ్ముడి కొడుక్కిచ్చాను. అతనికి పడకసీను అంటే ఏమిటో తెలియదు. ఎక్కడ ఆగాడో పెన్సిలుతో గీత పెట్టమన్నాను. పదకొండు గీతలు వచ్చాయి, అన్నీ నాకు తెలుసు కదా అని నేను వివరించకుండా వదిలేసిన చోట్లే. వాటిని సంభాషణల్లోకి సర్దాను. హంతకుడు మాత్రం కార్యదర్శే అనుకున్నాడు, చివరి దాకా.

నాటకాల మనిషిగా మా హార్మోనిస్టు గారికే ఇచ్చాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశారు. హంతకుడు ఎవరో సగంలోనే తెలిసిపోయిందట. శ్రుతి ముక్క ఆయనకి దొరికేసింది, అది నేను ఊహించిందే. "కానీ ఒక తప్పుందండోయ్" అన్నారు. "ఐదున్నర శ్రుతిలో పాడే కుర్రాడు గొంతు పట్టేసిందన్న పది నిమిషాలకి రాయబారం పద్యాలు అంత తేటగా ఎలా ఎత్తుకున్నాడు? విన్నవాడికి అక్కడే అనుమానం రావాలి."

ఆ వాక్యాన్ని టీచరమ్మ నోట పెట్టాను, నూట పన్నెండో పేజీలో.